అనుమతికీ ఒక హద్దుంది

అమానతు అనగానే మనలో చాలామందికి డబ్బు, నగలు గుర్తుకొస్తాయి. పొరుగింటివారు ఊరెళుతూ దాచమని ఇచ్చిన గొలుసు, అన్నదమ్ముల ఉమ్మడి సొమ్ము, మస్జిద్ కమిటీ చేతిలో ఉన్న చందా - వీటిలో ఒక్క రూపాయి తేడా వచ్చినా మన మనసు ఒప్పుకోదు. ఇది మంచి లక్షణమే. కాని రోజంతా చేతిలో పట్టుకుని తిరిగే ఫోనులో ఎన్ని అమానతులున్నాయో ఎప్పుడైనా లెక్క చూసుకున్నామా? బంధువులు నమ్మి పంపిన ఆడపిల్ల ఫొటో, పనిచేసే చోట యజమాని పంపిన ఖాతాల ఫైలు, మిత్రుడు బాధలో చెప్పుకున్న మాటల వాయిస్ మెసేజ్, ఎవరిదో ఆధార్ కార్డు - ఇవన్నీ పరాయి సొత్తులే. వీటిని చూసే అనుమతి మనకు ఇచ్చారు. చూసే అనుమతి ఇచ్చినంత మాత్రాన పదిమందికి పంచే అనుమతి కూడా ఇచ్చినట్లేనా? ఈ పాఠంలో మనం తెలుసుకోవలసింది ఇదే.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అల్లాహ్ మనల్ని ఆదేశించాడు (అన్‌నిసా, 4:58). తెలిసి తెలిసి అమానతులలో ద్రోహానికి పాల్పడవద్దని హెచ్చరించాడు (అల్ అన్‌ఫాల్, 8:27). తమ అమానతులనూ వాగ్దానాలనూ కాపాడుకోవడం సాఫల్యం పొందే విశ్వాసుల గుణాల్లో ఒకటని తెలిపాడు (అల్ మోమినూన్, 23:8). ఈ ఆయతులలో ఎక్కడా అమానతు అంటే సొమ్ము మాత్రమేనన్న పరిమితి లేదు. నమ్మకంతో మన చేతికి వచ్చినదేదైనా అమానతే.

ఫిల్మ్‌నగర్‌లో జరిగిన ఒక సంగతి

హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు తెలుగు సినిమా రంగానికి నిలయాలు. స్టూడియోలు, ఎడిటింగ్ గదులు, నిర్మాతల ఆఫీసులు, తెలుగు ఫిల్మ్ ఛాంబర్ అన్నీ అక్కడే, ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. ధార్మిక పత్రికలో సినిమా ప్రస్తావన ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. సినిమాలు చూడటం మంచిదా, చెడ్డదా అన్నది ఈ పాఠం విషయం కాదు. చేతికి ఇచ్చిన ఫైలు చెయ్యి దాటితే ఏమవుతుందో అందరికీ తెలిసేలా జరిగింది అక్కడే కాబట్టి ఆ ఉదాహరణ తీసుకుంటున్నాం.

ఒకప్పుడు సినిమా రీళ్ళు బరువైన రేకు డబ్బాల్లో ఉండేవి. డబ్బా ఎత్తుకుని గేటు దాటాలంటే నలుగురి కళ్ళలో పడక తప్పదు. ఇప్పుడు సినిమా అంతా చొక్కా జేబులో పట్టే డిస్కులో ఇమిడిపోతోంది. పైగా గొలుసు దొంగిలిస్తే పెట్టె ఖాళీ అవుతుంది, ఇంటివారికి వెంటనే తెలుస్తుంది. ఫైలు కాపీ చేస్తే అసలు ఫైలు ఉన్నచోటే ఉంటుంది. అందుకే యజమానికి పోయిన సంగతి తెలియదు, తీసుకున్నవాడికి తాను దొంగిలించానన్న భయం కలగదు.

2013లో 'అత్తారింటికి దారేది' అనే సినిమా పూర్తయి విడుదలకు సిద్ధంగా ఉంది. ఆనాటి రాష్ట్ర విభజన ఆందోళనల వల్ల విడుదల వాయిదా పడుతూ వచ్చింది. చివరకు అక్టోబరు 9న విడుదల చేయాలనుకున్నారు. అంతలో సెప్టెంబరులో, కృష్ణా జిల్లా పెడనలో ఆ సినిమా సగానికి పైగా, సుమారు గంటన్నర భాగం సీడీల రూపంలో బయటపడింది. ఇంటర్నెట్‌లోనూ వ్యాపించింది. దిక్కుతోచని నిర్మాత విడుదల తేదీని ముందుకు జరిపి సెప్టెంబరు 27నే సినిమాను థియేటర్లకు పంపవలసి వచ్చింది.

ఇది ఎలా జరిగింది? ఎవరూ తాళాలు పగలగొట్టలేదు, గోడ దూకలేదు. పోలీసులు ఆనాడు తెలిపినదాని ప్రకారం సినిమా పనిలోనే ఉన్న ఒక సహాయకుని చేతి నుంచి కాపీ ఒక పరిచయస్తుని చేతికి వెళ్ళింది. అక్కడి నుంచి అతనికి తెలిసినవారికి, వారి నుంచి మరొకరికి చేరుతూ చివరకు సీడీల దుకాణంలో తేలింది. మొదటివాడికి ఆ ఫైలు ముట్టుకునే అధికారం ఉంది, అది అతని ఉద్యోగంలో భాగం. కాని అతనికున్న అనుమతి పని కోసమే. పని దాటి ఒక్క అడుగు వేయగానే అనుమతి అంతమైంది, ద్రోహం మొదలైంది. ఆ తర్వాతి ప్రయాణం మీద అతనికి గానీ, యజమానికి గానీ ఏ అదుపూ లేకుండా పోయింది.

ఆ సినిమా ఆ తర్వాత బాగా ఆడింది, నిర్మాత గట్టెక్కాడు. అంతమాత్రాన ఆ ద్రోహం చిన్నదైపోదు. వంచనకు గురైనవానికి అల్లాహ్ మరో దారి చూపవచ్చు. వంచించినవాని లెక్క మాత్రం అలాగే మిగిలి ఉంటుంది.

తాళం ఎంతవరకు కాపాడుతుంది?

సినిమావాళ్ళు ఈ దెబ్బలు తిని చాలా జాగ్రత్తలు నేర్చుకున్నారు. ఈ రోజు థియేటరుకు వెళ్ళే సినిమా తాళం వేసిన ఫైలుగా వెళుతుంది. దాన్ని తెరిచే 'కీ'ని వేరుగా పంపుతారు. ఆ కీ ఫలానా థియేటరులోని ఫలానా యంత్రంలోనే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే పనిచేస్తుంది. గడువు దాటితే తెర మీద బొమ్మ పడదు. దీనికితోడు కంటికి కనిపించని గుర్తులను, అంటే వాటర్‌మార్కులను బొమ్మలో కలుపుతారు. దొంగ కాపీ బయటికి వస్తే అది ఏ థియేటరు నుంచి వచ్చిందో ఆ గుర్తులు పట్టిస్తాయి. 2017 ఏప్రిల్ 28న విడుదలైన 'బాహుబలి' రెండవ భాగం దొంగ కాపీతో కొందరు నిర్మాతలను డబ్బు కోసం బెదిరించారు. అప్పుడు ఈ గుర్తుల ఆధారంగానే కూపీ లాగితే బీహార్‌లోని బెగుసరాయ్‌లో ఉన్న ఒక థియేటరు తేలింది. ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్ పోలీసులు నిందితులను అరెస్టు చేశారు.

అయితే ఈ ఏర్పాట్లకూ ఒక పరిమితి ఉంది. తాళం పరాయివాణ్ణి ఆపుతుంది, తాళంచెవి ఇచ్చినవాణ్ణి ఆపలేదు. వాటర్‌మార్కు దొంగను పట్టిస్తుంది, జరిగిన దొంగతనాన్ని వెనక్కి తిప్పలేదు. 2025 మే నెలలో 'కన్నప్ప' సినిమా దృశ్యాలున్న హార్డ్ డిస్క్ ముంబయి నుంచి కొరియర్‌లో వచ్చి, చేరవలసినవారికి చేరకుండానే మాయమైందని ఫిల్మ్‌నగర్ పోలీసులకు ఫిర్యాదు వెళ్ళింది. ఫైలుకు ఎంత పెద్ద తాళం వేసినా అది మనుషుల చేతుల మీదుగానే ప్రయాణించాలి.

చట్టాలు కూడా గట్టిగానే ఉన్నాయి. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సినిమాను దొంగతనంగా రికార్డు చేసినవారికి, పంచినవారికి 3 నెలల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు. జరిమానా 3 లక్షల రూపాయలకు తక్కువ కాకుండా, సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు ఉండవచ్చు. ఐటీ చట్టంలోని 72ఏ సెక్షన్ ప్రకారం, ఒప్పందం మీద పనిచేస్తూ తన చేతికి వచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని ఇతరులకు నష్టం కలిగించే ఉద్దేశ్యంతో బయటపెట్టడం కూడా నేరమే. 2023లోనే పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. ఒక వ్యక్తి ఏ పని కోసం అంగీకరించి సమాచారం ఇచ్చాడో ఆ పనికే దాన్ని వాడాలన్నది ఆ చట్టంలోని ముఖ్య సూత్రం.

ఇక్కడ మన కుటుంబాలు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఒక మనిషి తన సొంత, ఇంటి అవసరాల కోసం వాడే సమాచారానికి ఈ చివరి చట్టం వర్తించదు. అంటే బంధువుల వాట్సాప్ గ్రూపులో మనం ఎవరి ఫొటో ఎవరికి పంపుతున్నామో చూడటానికి ఆ చట్టం మన ఇంట్లోకి రాదు. అక్కడ మనల్ని ఆపవలసింది మనలోని దైవభీతే.

షరీఅత్ గీసిన గీత

అనుమతికి హద్దు ఉంటుందన్న మాట ఈ కాలపు చట్టాలు కొత్తగా కనిపెట్టింది కాదు. అరువు వస్తువుల అధ్యాయంలో మన ఫిఖహ్ పండితులు ఒక ఉదాహరణ చెబుతారు. ఫలానా ఊరి వరకు వెళ్ళివస్తానని ఒకరి దగ్గర సవారీ జంతువును అరువు తెచ్చుకున్నవాడు ఆ ఊరు దాటి ముందుకు వెళితే, ఆ తర్వాత జంతువుకు జరిగిన నష్టానికి అతనే బాధ్యుడు. యజమాని అనుమతి ఇచ్చిన మాట నిజమే. కాని ఆ ఊరి వరకే ఇచ్చాడు. అలాగే భద్రపరచమని ఇచ్చిన వస్తువును యజమాని అనుమతి లేకుండా, అవసరమేమీ లేకుండా బయటివ్యక్తి చేతిలో పెట్టినవాడు నష్టపరిహారం చెల్లించవలసి ఉంటుంది. నా మిత్రుడు చాలా నమ్మకస్తుడు అన్న జవాబు చెల్లదు. ఎందుకంటే యజమాని నమ్మింది మనల్ని, మన మిత్రుణ్ణి కాదు.

మరి ఎవరికీ చెప్పవద్దని, ఎవరికీ పంపవద్దని ఆయన ముందే అనలేదు కదా అంటే? దీనికి దైవప్రవక్త (స) వారి ప్రవచనంలో సమాధానం ఉంది. ఒక వ్యక్తి మాట చెప్పి అటూ ఇటూ చూశాడంటే ఆ మాట అమానతేనని ఆయన (స) బోధించారు (అబూదావూద్, తిర్మిజీ). నోటితో షరతు పెట్టనక్కర లేదు, ఆ చూపే షరతు. పదిమంది ఉన్న గ్రూపులో పెట్టకుండా మనకొక్కరికే పంపారంటే, ఈ కాలంలో అదే ఆ చూపు.

ఒకరి ఇంట్లోకి అనుమతి లేకుండా తొంగిచూసిన వ్యక్తి విషయంలో, అనుమతి అడగాలన్న నియమం పెట్టిందే చూపు కోసమని దైవప్రవక్త (స) సెలవిచ్చారు (బుఖారీ). గడప లోపల నిలబడటానికి అనుమతి దొరికినంత మాత్రాన ఇంట్లోని ప్రతి గదినీ వెతికి చూసే హక్కు రాదు. ఒక్క కాల్ చేసుకోవడానికి తీసుకున్న ఫోనులో ఫొటోల గ్యాలరీ తెరవడం కూడా అలాంటిదే.

కొన్ని సందేహాలు

"ఇది సినిమా సొమ్మే కదా, దాన్ని కాపీ చేస్తే పాపమేమిటి?" అని కొందరు యువకులు అంటారు. దీనికి హిజ్రత్ రాత్రి జరిగిన సంఘటనే జవాబు. మక్కా అవిశ్వాసులు దైవప్రవక్త (స) వారిని హతమార్చడానికి పథకం వేసుకున్నారు. అదే ప్రజల సొమ్ములు అమానతుగా ఆయన (స) దగ్గర ఉన్నాయి. ఆయన మక్కా విడిచి వెళుతూ, వాటిని ఎవరివి వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి) గారిని అక్కడే ఉంచారు. ప్రాణం తీయాలనుకున్నవారి అమానతుకే అంత విలువ ఇచ్చినప్పుడు, యజమాని మనకు నచ్చలేదనో, అతని వ్యాపారం మనకు ఇష్టం లేదనో అమానతును కాజేయడానికి మనకు అధికారం ఎక్కడిది? ఆ పని నచ్చకపోతే దాని నుంచి దూరంగా ఉండవచ్చు, దాన్ని దొంగిలించకూడదు.

"మేము దొంగిలించలేదు, మాకు ఎవరో పంపారు" అన్నది రెండవ సందేహం. దొంగసొత్తని తెలిసి కొనడం ధర్మసమ్మతం కాదు. పెడనకు చేరిన ఆ ఫైలును దారిలో ఏ ఒక్కరు ఆపినా గొలుసు అక్కడే తెగిపోయేది. ప్రతి ఒక్కరూ తాను ఒక్కరికే ఇచ్చానని అనుకున్నారు. అందువల్లే అది వేలమందికి చేరింది. విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం). వచ్చినదల్లా పంపుకుంటూ పోయేవారు ఈ హెచ్చరికను తమకు అన్వయించుకోవాలి.

"ఇప్పటికే అందరి దగ్గరా ఉంది, నేనొక్కణ్ణి ఆపితే ఏం లాభం?" అన్నది మూడవది. తీర్పుదినాన అందరి లెక్క మనల్ని అడగరు. మన వేలు నొక్కిన దాని గురించే అడుగుతారు. వినికిడి, చూపు, హృదయం - వీటన్నిటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని దివ్య ఖుర్ఆన్ చెబుతోంది (బనీ ఇస్రాయీల్, 17:36).

మన ఇళ్ళలో

సినిమా బయటికి పోతే నిర్మాతకు నష్టం వస్తుంది, మరో సినిమాతో అది తీరవచ్చు. ఒక ఆడపిల్ల ఫొటో బయటికి పోతే ఆ నష్టం ఎలా తీరుతుంది? సంబంధం చూడమని ఒక తల్లి ఖాలాగారికి కూతురి ఫొటో, బయోడేటా పంపుతుంది. ఆమె మంచి ఉద్దేశ్యంతోనే ఇంకో ఇద్దరికి పంపుతుంది. ఆ ఇద్దరూ తమకు తెలిసిన పెళ్ళి సంబంధాల గ్రూపుల్లో పెడతారు. వారం తిరిగేసరికి ముక్కూ మొహం తెలియని మగవారి ఫోన్లలో ఆ పిల్ల ఫొటో, తండ్రి ఫోన్ నంబరు, ఇంటి చిరునామా ఉంటాయి. అమ్మాయి నిఖా జరిగిపోయినా ఆ బయోడేటా తిరుగుతూనే ఉంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరికీ చెడు ఉద్దేశ్యం లేకపోవచ్చు. హద్దు మాత్రం ప్రతి ఒక్కరూ దాటారు.

పెళ్ళి మాటలు ఎంత గుట్టుగా ఉండాలో హజ్రత్ అబూబక్ర్ (రజి) గారి నడవడి నుంచి నేర్చుకోవచ్చు. హజ్రత్ హఫ్సా (రజి) గారు వితంతువైనప్పుడు ఆమెను వివాహమాడమని తండ్రి హజ్రత్ ఉమర్ (రజి) గారు హజ్రత్ అబూబక్ర్ (రజి) గారిని అడిగారు. ఆయన ఏమీ జవాబు చెప్పలేదు. హజ్రత్ ఉమర్ (రజి) గారి మనసు నొచ్చుకుంది. కొన్నాళ్ళకు దైవప్రవక్త (స) వారితో ఆమె వివాహం జరిగింది. అప్పుడు హజ్రత్ అబూబక్ర్ (రజి) గారు కలిసి, దైవప్రవక్త (స) ఆమె ప్రస్తావన తెచ్చిన సంగతి తనకు తెలుసని, ఆయన (స) గుట్టు బయటపెట్టడం ఇష్టం లేకనే మౌనంగా ఉన్నానని చెప్పారు (బుఖారీ). ప్రాణమిత్రుని నొప్పిని భరించారే గాని అమానతును వదల్లేదు.

పిల్లలకు కూడా ఈ గుణం చిన్నప్పుడే అలవడాలి. బాల్యంలో హజ్రత్ అనస్ (రజి) గారిని దైవప్రవక్త (స) ఒక పని మీద పంపారు. ఇంటికి ఆలస్యంగా వచ్చిన కొడుకును తల్లి కారణం అడిగితే అది రహస్యమన్నారాయన. ఆ తల్లి గుచ్చి గుచ్చి అడగలేదు. దైవప్రవక్త (స) రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని కొడుకునే బలపరిచింది (ముస్లిం). ఈ రోజు మన ఇళ్ళలో, ఎవరు ఏం పంపారో చూపించమని పిల్లల ముందే పెద్దలు ఒకరి ఫోను ఒకరు లాక్కుంటే పిల్లలు ఏమి నేర్చుకుంటారు?

ఇచ్చేవారి జాగ్రత్తలు

బాధ్యత తీసుకున్నవారిదే కాదు, ఇచ్చేవారిది కూడా. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నారు దైవప్రవక్త (స) (తిర్మిజీ). అందుకు కొన్ని ఉపాయాలు:

1. సినిమా కీ మాదిరిగా మనమూ మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎవరికి ఇస్తున్నాం? ఏ పనికి? ఎంతకాలానికి? ఈ మూడూ పంపేటప్పుడే రాయడం మేలు. "ఇది మీరు, మీ ఇంటివారు చూడటానికే. ఎవరికీ పంపకండి, సంబంధం కుదరకపోతే తీసేయండి" అని రాయడంలో మొహమాటం అక్కర్లేదు.

2. అవసరమైనంతే ఇవ్వండి. మొదటి మాటల్లో చదువు, కుటుంబ వివరాలు చాలు. ఫొటో, చిరునామా మాటలు ముందుకు సాగాక చూసుకోవచ్చు. ఆధార్ విషయంలో చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది. అది చెల్లే చోట అదే ఇవ్వండి. జిరాక్స్ ఇస్తే దాని మీద ఏ పనికి ఇస్తున్నదీ, తేదీ రాయండి.

3. ఫైలును కాకుండా లింకును పంపే వీలుంటే, చూడటానికి మాత్రమే అనుమతి ఇచ్చి, డౌన్‌లోడ్ ఆపి, పని కాగానే అనుమతిని వెనక్కి తీసుకోండి.

4. వాట్సాప్‌లో ఒక్కసారి మాత్రమే చూడగలిగేలా ఫొటో పంపే సౌకర్యం ఉంది. అయినా మరో ఫోనుతో ఆ ఫోను తెరను ఫొటో తీయడం ఎవరికైనా సాధ్యమే. కనుక బయటికి పోతే తట్టుకోలేమనుకున్నదాన్ని అసలు పంపకపోవడమే మంచిది.

రహస్యం పాటించకూడని చోటు

అమానతు పేరుతో అన్యాయాన్ని కప్పిపుచ్చకూడదు. ఎవరి ప్రాణానికైనా, మానానికైనా, ధనానికైనా ముప్పు తలపెట్టిన సంగతి మన ఫోనుకు వస్తే, దాన్ని దాచడం అమానతు కాదు. సాక్ష్యాన్ని దాచవద్దని దివ్య ఖుర్ఆన్ ఆదేశం (అల్ బఖరా, 2:283). అయితే అప్పుడు కూడా ఆ సమాచారాన్ని ఆపగలిగినవారికి, అంటే ఇంటి పెద్దలకు, పోలీసులకు, న్యాయస్థానానికి అందజేయాలి. వీధిలో చాటింపు వేయడం సాక్ష్యం కాదు.

జరిగిపోతే ఏం చేయాలి?

ఇంతవరకు తెలియక పంపివేసినవారు నిరాశ చెందనక్కర్లేదు. కాని ఇది తోటి మనిషి హక్కుకు సంబంధించిన విషయం కనుక, అల్లాహ్ ముందు పశ్చాత్తాపపడటంతోపాటు ఆ హక్కు సంగతి కూడా చూడాలి. మన దగ్గరున్నది తుడిచివేయాలి. మనం పంపినవారికి స్వయంగా ఫోన్ చేసి తీసేయమని కోరాలి. నష్టాన్ని అరికట్టే అవకాశం సొత్తుగలవారి చేతిలో ఉంటే ఆలస్యం చేయకుండా వారికి తెలియజేసి క్షమాపణ కోరాలి. ధననష్టం జరిగి ఉంటే పరిహారం చెల్లించాలి. మాట్లాడితే అబద్ధమాడటం, మాట ఇస్తే తప్పడం, అమానతు అప్పగిస్తే ద్రోహం చేయడం - ఈ మూడూ కపట విశ్వాసి చిహ్నాలని దైవప్రవక్త (స) తెలియజేశారు (బుఖారీ, ముస్లిం). ఆ చిహ్నం మనలో కనిపిస్తే దాన్ని ఈ లోకంలోనే తుడిచివేసుకోవాలి.

ఈ రోజు ఇషా తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని ఎవరి ఫోను వారు ఒకసారి చూసుకోండి. పని అయిపోయిన పరాయివారి ఫొటోలు, బయోడేటాలు, కార్డుల కాపీలు ఎన్ని మిగిలి ఉన్నాయో లెక్కపెట్టండి. ఇచ్చిన పని ముగిస్తే అనుమతీ ముగిసినట్లే. వాటిని తీసేయడం కూడా అమానతును అప్పగించడమే.

మన చేతికి వచ్చిన ప్రతి అమానతునూ దాని హద్దుల్లోనే వాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మనవల్ల ఎవరి పరువుకూ, ఎవరి కష్టార్జితానికీ హాని కలగకుండా కాపాడుగాక! ఆమీన్.